నాగేశ్వరరావు పంతులుగారి ప్రచురణక్రమము

సిద్దిపేటలో గొల్లభామ చీరలు నేయించి అమ్మువారు మొదలుకొని పచ్చళ్లు పెట్టి సీసాలకెత్తు గృహిణులవఱకు, నేడు ప్రతి చిన్న వర్తకుడును ఒక పత్రికాధిపతి కాక తప్పుటలేదు. సరకు మంచిదైన జాలదు. దానినిగూర్చి దినదినమును ఏదో యొకటి వ్రాసి, బొమ్మ తీసి, జనుల ఫోనులలోనికి పంపవలెను. మొదటి మాసమున దినమునకు నాలుగు ప్రకటనలు వ్రాసినవాడు ఆఱవ మాసమునకు విసిగి, ప్రకటనతోపాటు అంగడియందును ఆసక్తి కోల్పోవుట మేము చూచుచునే యున్నాము. ఇట్టివారికి కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి జీవితము మిక్కిలి అక్కఱకు వచ్చునని మా యభిప్రాయము. వారిని దేశోద్ధారకులని కొనియాడుట మనకు పరిపాటి. వారు వర్తకులనియు, తమ శక్తి నెఱిగి పని పంచుకొన్న వర్తకులనియు మనము మఱచుచున్నాము.

పంతులుగారు 1867 మే 1వ తేదీన కృష్ణా మండలములోని యెలకుఱ్ఱు గ్రామమున జన్మించిరి. బందరులోను, మద్రాసు క్రైస్తవ కళాశాలలోను చదివి, జీవనోపాధికై కలకత్తా, రంగూను నగరములు తిరిగి, తుదకు బొంబాయి చేరిరి. అచ్చట 1893లో అమృతాంజనమును ప్రారంభించిరి. తలనొప్పికి రాచుకొను పసుపుపచ్చని లేపనము. వస్తువొకటి, పేరొకటి, ప్రయోజనమొకటి. సంగీతసభలకు వచ్చిన శ్రోతలకు దానిని ఉచితముగ పంచిపెట్టించిరి. వాదములతో పని లేకుండ మందు తన గుణమును తానే చెప్పుకొనెను. పాట బాగుండని సభలలో దానికి గిరాకి హెచ్చుగ నుండెనేమో మేము చెప్పజాలము! అప్పటినుండి వర్తకమున వారు చెప్పవలసిన మాట మారలేదు. దినమున కొక క్రొత్త చమత్కారమును వెదకు శ్రమ వారికి కలుగలేదు.

క్రొత్తమాట కావలసినది పత్రికకు. 1907లో సూరతు కాంగ్రెసు జరిగిన పిదప తెలుగువారికి తమ భాషలో బలమైన పత్రిక యుండవలెనను తలంపు వారిలో నాటుకొనెను. అయినను వారు దినపత్రికతో ఆరంభింపలేదు. 1908 సెప్టెంబరులో బొంబాయినుండి ఆంధ్రపత్రికను వారపత్రికగా వెలువరించిరి. తెలుగుదేశమునకు అంత దూరమున నుండి వారమున కొకసారి తప్పక అందించుటయే అప్పటికి చాలిన పని. ఆఱేండ్లు ఆ తాళమును నిలిపిన పిదపనే మద్రాసు చేరి 1914 ఏప్రిల్ 1వ తేదీన దినపత్రికను ప్రారంభించిరి. మఱి పదేండ్లకు, 1924 జనవరిలో, భారతి మాసపత్రిక వచ్చెను. 1926లో ఆంధ్రగ్రంథమాల. ఈ యంతరములను పాఠకులు గమనింతురుగాక. ఒకటి తన కాళ్లపై నిలువనిదే రెండవదానికి పూనుకొనలేదు.

ఏ మాట యెచ్చట చెప్పవలెనో కూడ ఏర్పాటుండెను. నాటి వార్త దినపత్రికలో. పండితుల చర్చ, పరిశోధన, కవిత్వము భారతిలో. ఏడాది కొకసారి ఉగాది సంచికలో చిత్రములతో వ్యాసములతో పెద్ద విందు. ఇదంతయు పంతులుగారే వ్రాసిరా? అట్లు వ్రాయబూనిన రెండేండ్లలో పడకపట్టియుందురు. కవులను, పండితులను చేరదీసి వారిచేత వ్రాయించిరి. అంజనపు లాభము కాగితమునకును అచ్చునకును ఆధారమయ్యెను. పత్రిక నేటి యమ్మకముపై బ్రదుకవలసిన యక్కఱ లేనందున రచనలో తొందర తగ్గెను. ఈ యాధారములేక కూలిన తెలుగు పత్రికలు ఎన్నియో.

ఇందుకు ప్రతిగా కొమఱ్ఱాజు లక్ష్మణరావు పంతులుగారిని స్మరింపక తప్పదు. అంతటి విద్వాంసుడు ఆంధ్రవిజ్ఞానసర్వస్వమును తలకెత్తుకొని, సంపాదకత్వముతోపాటు అనేక వ్యాసములను తామే వ్రాసి, మూడు సంపుటములు వెలువడునప్పటికి వర్ణమాలలో తొలి యక్షరమును దాటకయే 1923లో, నలువదియాఱేండ్ల ప్రాయమున, గతించిరి. ఉబ్బసము వారిని వేధించుచుండెను; దానిపై ఈ భారము. ఆ మహాకార్యమును తరువాత చేపట్టి కొనసాగింప పూనినవారు నాగేశ్వరరావు పంతులుగారే. లక్ష్మణరావుగారి పాండిత్యమును తక్కువ సేయుట మా యుద్దేశము కాదు. మోయువాని భుజబలముకంటె మోతను పంచుకొను విధము ముఖ్యమైన పనులు కొన్ని కలవు.

మన ప్రాంతమునకు వారివలన కలిగిన మేలు నొకదానిని చెప్పవలెను. పాల్కురికి సోమనాథుని బసవపురాణమును వేటూరి ప్రభాకరశాస్త్రిగారు పరిష్కరింపగా 1926లో ఆంధ్రగ్రంథమాల ప్రచురించెను. తెలంగాణపు కవి గ్రంథము మద్రాసులో అచ్చయి మరల మన యిండ్లకు వచ్చెను. ఇచ్చటను పంతులుగారు పరిష్కర్తలు కారు. తగినవానికి తగినపని అప్పగించినవారు.

ఉప్పు సత్యాగ్రహపు దినములలో వారు చెఱసాల కేగిరి. ఆ తీరికను భగవద్గీతకు వ్యాఖ్య వ్రాయుటకు వినియోగించిరి. ఇది మాత్రము తాము స్వయముగ చేయవలసిన పని యని యెంచిరి కాబోలు. 1937 నవంబరులో కోస్తా, రాయలసీమ నాయకులు ఒడంబడిక చేసికొన్నది మద్రాసులోని వారి శ్రీబాగు గృహముననే. 1938 ఏప్రిల్ 11వ తేదీన వారు పరమపదించిరి. మఱునాడును పత్రికలను నడుపుటకు మనుష్యులుండిరి. అల్లుడు శివలెంక శంభుప్రసాదుగారు ఆ భారమును వహించిరి. భారతి 1991వఱకు వెలువడెను. అమృతాంజనము నేటికిని సిద్దిపేట అంగళ్లలో దొరకుచున్నది.