గురజాడ అప్పారావు

గురజాడ వేంకట అప్పారావు 21-9-1862న విశాఖపట్నం జిల్లా ఎలమంచిలి సమీపంలోని రాయవరంలో, మేనమామ ఇంట జన్మించారు. బాల్యం చీపురుపల్లిలో గడిచింది. విజయనగరం మహారాజా కళాశాలలో 1886లో పట్టభద్రులై, అక్కడే అధ్యాపకులయ్యారు. ఆనంద గజపతి మహారాజు ఆదరానికి పాత్రులయ్యారు.

నాటి విశాఖపట్నం జిల్లా చాలా విశాలమైనది. సాలూరు, బొబ్బిలి, పార్వతీపురం ప్రాంతాలన్నీ అందులోనివే. ఆ జిల్లా బ్రాహ్మణ కుటుంబాలలో కన్యాశుల్కం పుచ్చుకొని జరిపిన వివాహాలను మహారాజు లెక్కింపజేయగా, మూడేండ్లలో 1,034 తేలాయి. వధువులలో ఏడాది ప్రాయపు పసికందులు సైతం ఉన్నారు. గర్భస్థ శిశువులకు కూడా బేరాలు సాగేవి. ఈ సంగతులను గురజాడ 1897లో అచ్చయిన ‘కన్యాశుల్కం’ తొలి కూర్పు పీఠికలో వివరించారు. నాటకం అంతకుముందే 1892లో విజయనగరంలో ప్రదర్శింపబడింది.

ఈ నేపథ్యం తెలియని పాఠకునికి అగ్నిహోత్రావధాన్లు కేవలం ముక్కోపి అయిన హాస్యపాత్రగా తోస్తాడు. పెద్దకూతురు బుచ్చమ్మను ముసలివానికిచ్చి, ఆమె వితంతువై ఇంటికి చేరిన తరువాత కూడా, చిన్నకూతురు సుబ్బిని వృద్ధుడైన లుబ్ధావధాన్లుకు అమ్మజూపుతాడు. కథకు బీజం ఇదే. బావమరిది కరటకశాస్త్రి తన శిష్యునికి ఆడవేషం వేసి లుబ్ధావధాన్లుకు కట్టబెట్టడంతో కథ మలుపులు తిరుగుతుంది. నవ్వు ఆగిన చోట బుచ్చమ్మ మౌనం కనబడుతుంది. సంస్కరణను వాక్చాతుర్యానికి మాత్రమే వాడుకొనే గిరీశం మరొక వర్గానికి ప్రతినిధి. అతని మాటకారితనానికి మురిసిపోయి అతని మోసాన్ని మరచేవారు నేటికీ ఉన్నారు!

అయిదంకాల తొలి కూర్పుతో గురజాడ తృప్తిపడలేదు. పన్నెండేండ్ల తరువాత, 1909లో, నాటకాన్ని ఏడంకాలకు పెంచి దాదాపు కొత్తగా రచించారు. మధురవాణి ప్రధాన పాత్రగా ఎదిగింది ఈ కూర్పులోనే. వేశ్య అయిన ఆమెకు గల వివేకం చుట్టూ ఉన్న పెద్దమనుషులలో చాలామందికి లేదు. పాత్రలన్నీ వారివారి కులానికీ చదువుకూ తగిన వాడుకమాటలలోనే మాట్లాడతాయి. విజయనగరం సీమ నుడికారం వినబడని పుట అరుదు.

ఈ వాడుకభాష కోసమే గురజాడ చివరి యేండ్లు పోరాటంలో గడిచాయి. విజయనగరంలో తమ సహాధ్యాయి అయిన గిడుగు రామమూర్తితో కలిసి వ్యావహారికోద్యమం నడిపారు. 1910లో ‘ముత్యాల సరాలు’, ‘దిద్దుబాటు’ వెలువరించారు. మద్రాసు విశ్వవిద్యాలయంలో గ్రాంథికవాదులది పైచేయి కాగా, 1914లో సుదీర్ఘమైన అసమ్మతి పత్రం సమర్పించారు. అప్పటికే ఆరోగ్యం క్షీణించింది. మరుసటి సంవత్సరం నవంబరు 30న, విజయనగరంలో, తమ 53 యేండ్ల వయసులో కన్నుమూశారు.