దోనావూరు అమ్మ ఒడి



ఆమీ కార్మైకేల్ గారి పేరు మన సంఘాల్లో చాలామందికి తెలిసినదే. గుళ్లకు అప్పగించిన ఆడపిల్లలను కాపాడిన మిషనెరీ అమ్మగారిగా ఆమెను గుర్తుపెట్టుకున్నాం. అయితే కాపాడిన తరువాత ఆ పిల్లలను ఆమె ఎలా పెంచారన్నది అంతగా చెప్పుకోము. ఈ వారం ఆ సంగతే చెప్పుకుందాం. పెనుగొండ, ఆచంట, పాలకొల్లు వైపు సంఘాల్లో ఆదివారం ముందు వరుసల్లో కూర్చునే మన మామ్మగార్లకూ అమ్మమ్మలకూ ఈ జీవిత చరిత్రలో ఒక పిలుపు ఉంది.

ఆమీ కార్మైకేల్ గారు 1867 డిసెంబరు 16న ఐర్లాండులోని మిల్లైల్ అనే సముద్రతీర గ్రామంలో పుట్టారు. ఏడుగురు పిల్లల్లో ఈమే పెద్ద. తండ్రికి పిండిమర ఉండేది. ఆమెకు 17 ఏళ్లప్పుడు, 1885లో, తండ్రి చనిపోయారు. తమ్ముళ్లనూ చెల్లెళ్లనూ చూసుకోవడంలో తల్లికి ఆమే తోడు. బెల్‌ఫాస్ట్ నగరంలో మిల్లుల్లో పనిచేసే పేద ఆడపిల్లలను పోగుచేసి వాక్యం చెప్పడం మొదలుపెట్టారు. టోపీలు కొనుక్కునే స్తోమతు లేక తలమీద శాలువా కప్పుకుని వచ్చే ఆ పిల్లలను మర్యాదస్తులు చర్చిలోకి రానివ్వడానికి ఇష్టపడేవారు కాదు. 1889లో వారికోసం రేకులతో ఒక పెద్ద ప్రార్థనా మందిరం కట్టించారు.

1893లో ఆమె జపాను వెళ్లారు. ఆరోగ్యం చెడి తిరిగివచ్చారు. 1895 నవంబరులో ఇండియాలో అడుగుపెట్టారు. మరుసటి సంవత్సరం తిరునెల్వేలి ప్రాంతానికి వెళ్లి, తమిళం నేర్చుకుని, చీర కట్టుకుని, కొందరు తమిళ క్రైస్తవ స్త్రీలతో కలిసి ఎడ్లబండి మీద ఊరూరా తిరిగి సువార్త చెప్పేవారు. ఆ రోజుల్లో ఆమె మనసంతా ఆ పనిమీదే. పిల్లల గృహం పెట్టాలన్న ఆలోచన ఆమెకు లేదు.

1901 మార్చి నెలలో ఒక ఉదయం అది మారింది. ప్రీనా అనే ఏడేళ్ల పిల్లను గుడికి ఇచ్చేశారు. ఆ పిల్ల అంతకుముందే ఒకసారి పారిపోయి తూత్తుకుడిలో ఉన్న కన్నతల్లి దగ్గరకు చేరింది. తల్లి భయపడి మళ్లీ అప్పగించేసింది. పారిపోయినందుకు పిల్ల చేతులకు వాతలు పెట్టారు. రెండోసారి పారిపోయినప్పుడు ఒక క్రైస్తవ స్త్రీ కంటపడింది. ఆమె తెల్లవారగానే పిల్లను తీసుకొచ్చి ఆమీ గారి దగ్గర విడిచింది. ఆ సమయానికి ఆమీ గారు వరండాలో ఉదయపు ఫలహారం చేస్తున్నారు. పిల్లను చూసి, ముందు ఏమీ అడగలేదు. ఒళ్లో కూర్చోబెట్టుకుని ముద్దుపెట్టుకున్నారు. మా అమ్మ కూడా ఇలాగే చేసేది కదా, అమ్మలాగా ముద్దుపెట్టుకునే ఈమె ఎవరా అని ప్రీనా ఆశ్చర్యపోయిందట. ఆ రోజునుండి ఆమే తనకు తల్లి అయిందని పెద్దయ్యాక ప్రీనా గుర్తుచేసుకుంది.

దేవదాసీ ఆచారం తమిళ దేశానికే పరిమితం కాదు. మన తెలుగు జిల్లాల్లోనూ ఉండేది. రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం పంతులుగారు వేశ్యా సంపర్కాన్నీ భోగం మేళాలనూ తీవ్రంగా ఖండించారు. హిందూ సంస్కర్తలు ఎందరో ఈ విషయంలో పోరాడారు. మద్రాసు శాసనమండలిలో డాక్టరు ముత్తులక్ష్మీ రెడ్డి గారు గట్టిగా వాదించారు. చివరికి 1947లో మద్రాసు ప్రభుత్వం దీన్ని నిషేధిస్తూ చట్టం చేసింది. అప్పట్లో మన గోదావరి జిల్లాలు కూడా మద్రాసు రాష్ట్రంలోవే గనుక ఆ చట్టం ఇక్కడికీ వర్తించింది. ప్రీనా వచ్చిన నాటికి ఆ చట్టానికి ఇంకా 46 సంవత్సరాలు ఉన్నాయి. చట్టం వచ్చేదాకా ఆగితే ఆ పిల్లలు ఆగలేరు.

1904లో తొలి పసిబిడ్డ దోనావూరుకు చేరింది. ఆ ఏడాది జూన్ నాటికి 17 మంది పిల్లలు. అప్పుడు మొదలయ్యాయి అసలు కష్టాలు. తల్లిపాలు లేని పసికందులను బతికించడం ఆ రోజుల్లో ఎంత కష్టమో ఇప్పటివారికి ఊహకు అందదు. 1905 మొదట్లో ఇంద్రనీల అనే బిడ్డ చనిపోయింది. తరువాత ఇంకా కొందరిని పోగొట్టుకున్నారు. ఆమీ గారికి ఆ దుఃఖం జీవితాంతం ఉండిపోయింది.

రెండో కష్టం మనుషులది. పిల్లలను చూడడానికి స్త్రీలు కావాలని చుట్టుపక్కల సంఘాలను అడిగితే ముందుకు వచ్చినవారు చాలా తక్కువ. బైబిలు స్త్రీగా వాక్యం చెప్పడానికి ఇష్టపడినవారు కూడా పరాయి పిల్లల మలమూత్రాలు ఎత్తడానికి వెనుకాడారు. అది దాసీల పని అనుకునేవారు. ఇంత చదివి, ఇంత దూరం వచ్చి, పసిపిల్లలకు గోళ్లు కత్తిరిస్తూ కూర్చోవడమేమిటి, ఊళ్లు తిరిగి వాక్యం చెప్పవలసినవారు కదా అన్న మాట తోటి మిషనెరీల నుండి కూడా వచ్చింది. ఆ ప్రశ్న ఆమెనూ కలవరపెట్టింది. శిష్యుల పాదాలు కడిగిన ప్రభువును తలచుకుని ఆమె సమాధానపడ్డారు. పసిపిల్లల తల్లి కాళ్లు ఇంటికి కట్టుబడి ఉంటాయి. ఆ కట్టును ఆమె ప్రభువు చేతినుండే అంగీకరించారు.

ఆ కష్టకాలంలో తోడు నిలిచినవారిలో కొందరు వయసు మళ్లినవారే. 1904 చివరలో ఆమీ గారి కన్నతల్లి ఐర్లాండు నుండి వచ్చి ఏడాదికి పైగా దోనావూరులో ఉన్నారు. కూతుర్ని చూడడానికి వచ్చిన ఆమె ఆ పిల్లలకు అవ్వ అయ్యారు. దేవై అనే తమిళ వృద్ధురాలు, ఎక్కడ ఏ బిడ్డ ఆపదలో ఉందో కనిపెట్టి, దూరాభారం లెక్కచేయకుండా ప్రయాణం చేసి పసికందులను తెచ్చి అప్పగించేది. ఇక పొన్నమ్మాళ్ చిన్న వయసులోనే భర్తను పోగొట్టుకున్న స్త్రీ. విధవరాలిని అశుభంగా చూసే లోకంలో ఆమె నెయ్యూరు మిషను ఆసుపత్రి దగ్గర పసిపిల్లల గృహానికి పెద్ద దిక్కయింది. పాలు కలిపే కొలత దగ్గరనుండి, జ్వరం వచ్చిన బిడ్డ పక్కన రాత్రంతా మేలుకోవడం దాకా అన్నీ నేర్చుకుని ఇతరులకు నేర్పింది. 1915లో కాన్సరుతో ఆమె మరణించింది.

పిల్లల సంఖ్య నూరు దాటింది. 1918 నుండి మగపిల్లలనూ చేర్చుకున్నారు. ఇంతమందిని ఒకే పెద్ద హాలులో వరుసగా పడుకోబెట్టి, గంట కొడితే లేపి, గంట కొడితే అన్నం పెట్టడం సులువు, ఖర్చూ తక్కువ. దోనావూరులో అలా చేయలేదు. చిన్న చిన్న ఇళ్లు కట్టారు. ఒక్కో ఇంట్లో కొందరు పిల్లలు, వారికి ఒక అక్క. అక్క అంటే జీతానికి వచ్చి వేళకు వెళ్లిపోయే మనిషి కాదు. ఆ పిల్లలతోనే పడుకుని, వారితోనే లేచే మనిషి. దూరదేశాల నుండి వచ్చిన స్త్రీలను పిల్లలు సిట్టి అని పిలిచేవారు, అంటే మన పిన్ని. అందరికీ అమ్మ ఆమీ గారు. అక్కడ వరుస లేని మనిషి లేడు.

మరొక పద్ధతి గమనించండి. ఆ పిల్లల్లో చాలామందికి పుట్టినరోజు తెలియదు. అందుకని బిడ్డ దోనావూరుకు వచ్చిన తేదీని వచ్చిన రోజు అని పేరుపెట్టి, ప్రతి ఏటా పండుగలాగా జరిపేవారు. వందలమంది ఉన్నచోట ఏడాదిలో ఒక రోజు ఒక్క బిడ్డదే. నువ్వు రావడం మాకు సంతోషం అని ఆ బిడ్డకు తెలిసేది.

1931 అక్టోబరు 24న ఆమీ గారు చీకట్లో ఒక గోతిలో పడి కాలు విరగ్గొట్టుకున్నారు. అప్పటికి ఆమెకు 63 ఏళ్లు. ఆ తరువాత దాదాపు 20 సంవత్సరాలు గదికే పరిమితమయ్యారు. పరుగెత్తి పిల్లలను ఎత్తుకునే రోజులు పోయాయి. అయినా తల్లితనం ఆగలేదు. పిల్లలు ఆ గదికి వచ్చి మాట్లాడి వెళ్లేవారు. ఎవరికి ఏ బాధ ఉందో తెలుసుకుని, వారి పేరున చీటీలు రాసి పంపేవారు, పేరుపేరునా ప్రార్థించేవారు. ఇండియాకు వచ్చాక 55 ఏళ్లలో ఒక్కసారి కూడా స్వదేశానికి వెళ్లలేదు. 1951 జనవరి 18న, 83వ ఏట, ప్రభువు నందు నిద్రించారు. సమాధి మీద రాయి వద్దని ముందే చెప్పారు. పిల్లలు అక్కడ పక్షులు నీళ్లు తాగే చిన్న తొట్టి పెట్టి, దానిమీద అమ్మ అన్న ఒక్క మాట చెక్కించారు.

ఆమీ గారు ఒడిలో నేర్చుకున్న సంగతిని వైద్యులు తరువాత లెక్కలతో చూపించారు. రెనే స్పిట్జ్ అనే వైద్యుడు 1945లో ఒక పరిశోధన ప్రకటించారు. ఆయన చూసిన ఒక అనాథ శిశుగృహంలో శుభ్రతకు లోటు లేదు, తిండికి లోటు లేదు. కాని ఒక్కో ఆయాకు ఏడెనిమిది మంది, అంతకన్నా ఎక్కువమంది పసివాళ్లు. ఎత్తుకునేవారు లేరు, ఆడించేవారు లేరు. అక్కడి 91 మంది పిల్లల్లో 34 మంది రెండేళ్లలో చనిపోయారు. మరొకచోట, ఖైదీలుగా ఉన్న తల్లులు తమ బిడ్డలను తామే చూసుకునే జైలు శిశుగృహంలో ఒక్క బిడ్డా చనిపోలేదు. అన్నం, పక్క, మందులు ఉన్నా, తనకంటూ ఒక మనిషి లేకపోతే పసిప్రాణం నిలవడం కష్టం.

ప్రియులారా, ఇప్పుడు మన సంగతి ఆలోచిద్దాం. మన ప్రాంతంలో అనాథ బాలల గృహాలు ఉన్నాయి. క్రిస్మస్‌కు కేకులూ దుప్పట్లూ పంచి, ఫొటో తీసుకుని వస్తాం. మంచిదే. కాని మరుసటి రోజు ఆ పిల్లలకు మన పేరు తెలియదు, మనకు వారి పేరు తెలియదు. మరోవైపు మన సంఘాల్లో పెద్దవయసు తల్లులు ఎందరో. కొడుకు హైదరాబాదులో, కూతురు అమెరికాలో, మనవలు ఫోనులో. లాల పోయడం, ఉగ్గు పెట్టడం, జోల పాడడం తెలిసిన చేతులు ఖాళీగా ఉన్నాయి. సంఘంలో తమ పని అయిపోయిందని వారు అనుకుంటున్నారు. మనమూ అలాగే అనుకోనిస్తున్నాం.

రూతు గ్రంథం చివర నయోమిని చూడండి. భర్తా పోయాడు, ఇద్దరు కొడుకులూ పోయారు. తన బతుకు చేదైపోయిందని చెప్పుకున్న ఆ ముసలితల్లి, ఓబేదును కౌగిట్లో పెట్టుకుని పెంచింది. ఆ బిడ్డ దావీదుకు తాత అయ్యాడు.

మన స్త్రీల సమాజం దీన్ని చేపట్టవచ్చు. దగ్గరలో ప్రభుత్వం వద్ద నమోదైన గృహం నిర్వాహకులతో మాట్లాడి, జిల్లా బాలల సంక్షేమ కమిటీ నియమాలు తెలుసుకుని, అనుమతి తీసుకోండి. ఒక్కో తల్లి ఒక్కో బిడ్డను ఎంచుకోవాలి. వారంలో ఒకే రోజు, ఒకే వేళకు, గృహం సిబ్బంది కళ్లెదుటే వెళ్లి కూర్చోవాలి. తల దువ్వండి, కథ చెప్పండి, లెక్కలు చేయించండి, చెప్పింది వినండి. బిడ్డ వచ్చిన రోజు తెలుసుకుని గుర్తుపెట్టుకోండి. ఒక్క జాగ్రత్త. నాలుగు వారాలు వెళ్లి మానేయాలనుకునేవారు మొదలుపెట్టవద్దు. ఇదివరకే ఒకసారి విడువబడిన బిడ్డ మళ్లీ గుమ్మం వైపు చూస్తూ కూర్చోవడం మనవల్ల జరగకూడదు. ఎవరైనా బిడ్డ ఆపదలో ఉన్నట్టు తెలిస్తే, ఇంటికి తెచ్చి పెట్టుకోకుండా వెంటనే 1098 నంబరుకు ఫోను చేయండి.

మోకాళ్లనొప్పులతో మందిరం మెట్లు ఎక్కలేని తల్లి కూడా ఒక బిడ్డను ఒళ్లో కూర్చోబెట్టుకోగలదు. అది చిన్న పరిచర్య అని ఎవరైనా అంటే, దోనావూరులో ఆ పక్షుల తొట్టి మీద చెక్కిన మాట వారికి చెప్పండి. ప్రభువు మన సంఘాల్లోని తల్లులను ఈ పనికి లేపునుగాక.