సూక్ష్మదర్శినిలో సత్యాన్ని దర్శించిన ఉపాధ్యాయిని – నెట్టీ మరియా స్టీవెన్స్

పుట్టబోయే శిశువు ఆడో మగో నిర్ణయించేది ఏది? ఈ ప్రశ్న మానవుణ్ణి అనాదిగా వేధిస్తూ వచ్చింది. తల్లి భుజించే ఆహారమని కొందరు, గర్భంలోని వేడిమి అని కొందరు, దైవసంకల్పమని మరికొందరు విశ్వసించారు. పందొమ్మిదవ శతాబ్దం చివరిలో సైతం పలువురు విద్వాంసులు ఆహార, ఉష్ణోగ్రతలనే కారణాలుగా భావించేవారు. అటువంటి ప్రశ్నకు ఒక అల్పమైన పిండిపురుగు నుండి సమాధానం రాబట్టిన విదుషీమణి నెట్టీ మరియా స్టీవెన్స్. ఆమె యౌవనంలో అధికభాగం బడిలో పాఠాలు చెబుతూ గడచినది.

1861 జూలై 7న అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్రంలో, కావెండిష్ గ్రామంలో ఆమె జన్మించారు. తండ్రి వడ్రంగి. పసితనంలోనే తల్లి గతించారు. తరువాత కుటుంబం మసాచుసెట్స్‌లోని వెస్ట్‌ఫర్డ్‌లో స్థిరపడింది. ఆ రోజులలో చదువుకున్న స్త్రీకి లభించే గౌరవప్రదమైన వృత్తి ఉపాధ్యాయత్వమే. వెస్ట్‌ఫీల్డ్ ఉపాధ్యాయ శిక్షణ పాఠశాలలో నాలుగేళ్ల పాఠ్యక్రమాన్ని ఆమె రెండేళ్లలోనే ముగించారు. జంతుశాస్త్రం, గణితం, లాటిన్, ఆంగ్లం బోధించారు. జీతంలో మిగిల్చిన ధనంతో 1896లో, ముప్పది అయిదవ ఏట, కాలిఫోర్నియాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో విద్యార్థినిగా చేరారు. 1900 నాటికి ఎం.ఏ. పూర్తిచేసి, పెన్సిల్వేనియాలోని బ్రిన్‌మార్ మహిళా కళాశాలలో ప్రవేశించారు. అక్కడ థామస్ హంట్ మోర్గాన్ ఆచార్యులుగా ఉండేవారు. మధ్యలో ఇటలీలోని నేపుల్స్‌లోను, జర్మనీలో బోవెరీ పండితుని వద్దను అభ్యసించి, 1903లో డాక్టరేట్ పొందారు.

కార్నెగీ సంస్థ ఆర్థిక సహాయంతో ఆమె చెదపురుగు, బొద్దింక, పేనుబంక మొదలైన కీటకాల బీజకణాలను పరిశీలించసాగారు. పిండిపురుగు వద్ద ఆమె దృష్టి నిలిచిపోయింది. ఆడపురుగు కణాలలో ఇరువది పెద్ద క్రోమోజోములున్నాయి. మగపురుగులో పందొమ్మిది పెద్దవి, ఒకటి మాత్రం చాలా చిన్నది. శుక్రకణాలు ఏర్పడేటప్పుడు సగం కణాలకు పెద్దది, సగం కణాలకు చిన్నది చేరుతున్నాయి. అండాలన్నిటిలోను పెద్దదే ఉంటుంది. కాబట్టి చిన్న క్రోమోజోముగల శుక్రకణం కలిస్తే మగ, పెద్దది కలిస్తే ఆడ పుడుతుందని ఆమె 1905లో ప్రకటించారు. వీటికే తరువాత ఎక్స్, వై అనే పేర్లు స్థిరపడ్డాయి. అదే సంవత్సరం ఎడ్మండ్ విల్సన్ వేరు కీటకాలలో ఇటువంటి సంగతినే స్వతంత్రంగా కనుగొన్నారు.

లింగనిర్ణయం ప్రాణులన్నిటిలో ఒకే తీరున జరగదు. సీతాకోకచిలుకలలో అది తల్లి అండాన్ని బట్టి ఉంటుంది. మానవులలో మాత్రం ఎక్స్, వై క్రోమోజోములలో ఏది సంక్రమించేదీ తండ్రి శుక్రకణాన్ని బట్టే ఉంటుంది. ఆడపిల్లను కన్నదని కోడలిని నిందించడం, మగసంతానం కోసం మరొక వివాహం చేయడం ఎంతటి అన్యాయమో ఈ ఒక్క సత్యం తేటతెల్లం చేస్తుంది. తండ్రినైనా నిందించడానికి వీలులేదు. ఏ కణం అండాన్ని చేరుతుందో ఎవరి చేతిలోనూ లేదు.

ఆ చిన్న క్రోమోజోము ఎందుకు చిన్నదైనదో తరువాతి తరాలవారు పరిశోధించారు. ఎక్స్, వైలు ఒకనాడు సరిసమానమైన జంటయే. వాటి మధ్య జన్యువుల మార్పిడి ఆగిపోయిన పిమ్మట వై క్రమంగా జన్యువులను కోల్పోయింది. ఒకే వరుస మళ్లీమళ్లీ వచ్చే డి.ఎన్.ఎ. అందులో పేరుకున్నది. పండ్ల ఈగ వై క్రోమోజోములో అధికభాగం ఇటువంటిదే. స్టీవెన్స్ పరిశీలించిన పిండిపురుగులో 142 అక్షరాల వరుస ఒకటి లెక్కకు మిక్కిలిగా పునరావృతమై, దాని మొత్తం డి.ఎన్.ఎ.లో పెద్ద భాగాన్ని ఆక్రమించి ఉన్నది.

బ్రిన్‌మార్ కళాశాల ఆమె కోసమే ఒక పరిశోధక ఆచార్య పదవిని నెలకొల్పింది. దానిని స్వీకరించక మునుపే, 1912 మే 4న, రొమ్ము క్యాన్సర్‌తో బాల్టిమోర్‌లో ఆమె కన్నుమూశారు. అప్పటికి వయస్సు ఏబది సంవత్సరాలు. స్వల్పకాలంలోనే నలుబదికి చేరువగా పరిశోధన పత్రాలు వెలువరించినా, పాఠ్యపుస్తకాలలో చాలాకాలం విల్సన్, మోర్గాన్‌ల పేర్లే ప్రముఖంగా కనిపించాయి. 1994లో అమెరికా జాతీయ మహిళా కీర్తిమందిరంలో ఆమెకు స్థానం దక్కింది. నాటి వెస్ట్‌ఫీల్డ్ శిక్షణ పాఠశాల నేడు విశ్వవిద్యాలయం. అక్కడి విజ్ఞానశాస్త్ర భవనానికి ఆమె పేరే పెట్టారు. పాఠం చెప్పడం నేర్చుకున్న చోటనే ఆ ఉపాధ్యాయిని నామం చిరస్థాయిగా నిలిచింది.