కల్చర్‌లో పెరగనిది కంటికి చిక్కింది: డాక్టర్ చార్లెస్ డోనవన్ జీవితం

వైద్యశాస్త్ర గ్రంథాలలో రెండు వేర్వేరు వ్యాధుల దగ్గర ఒకే మనిషి పేరు కనిపిస్తుంది. మొదటిది కాలా అజార్. ప్లీహాన్ని ఉబ్బించి, మనిషిని కృశింపజేసే ఈ జ్వరానికి కారణమైన పరాన్నజీవి పేరు లీష్మానియా డోనవని. రెండవది జననాంగాల మీద పుండ్లు పుట్టించే డోనవనోసిస్. రెండు పేర్లూ చార్లెస్ డోనవన్ అనే వైద్యునివే. 1903లో ఒకటి, 1905లో మరొకటి, రెండింటినీ ఆయన మద్రాసు జనరల్ ఆసుపత్రిలో సూక్ష్మదర్శిని కింద గుర్తించారు.

మొదటి వ్యాధి మీద ఆయన చేసిన పని విస్తృతంగా ప్రచారం పొందింది. రెండవ దాని గురించి మాట్లాడేవారు తక్కువ. జననాంగాల వ్యాధి అనగానే రోగి నోరు విప్పడు, ఇంటివారు తలుపు వేసుకుంటారు. కానీ పరీక్షాశాల ఇచ్చే కాగితాన్ని ఎలా చదవాలన్న ప్రశ్నకు ఆయన జీవితంలోని ఈ రెండవ అధ్యాయం నేటికీ సమాధానం చెబుతోంది. పెద్ద పరీక్షాశాలలకు దూరంగా ఉన్న బస్తర్ వంటి ప్రాంతాలకు ఆ సమాధానం మరింత అవసరం.

కలకత్తా నుంచి మద్రాసుకు

చార్లెస్ డోనవన్ 1863 సెప్టెంబరు 19న కలకత్తాలో జన్మించారు. కుటుంబం ఐర్లాండ్‌కు చెందినది. తొమ్మిది మంది సంతానంలో ఆయనే పెద్దవాడు. బాల్యం భారతదేశంలోనే గడిచింది. తరువాత చదువు కోసం ఆయనను ఐర్లాండ్‌లోని కార్క్ నగరానికి పంపించారు. ఐర్లాండ్‌లోనే వైద్యవిద్య పూర్తి చేసి, 1891లో ఇండియన్ మెడికల్ సర్వీస్‌లో చేరి, పుట్టిన దేశానికి తిరిగివచ్చారు.

1898లో మద్రాసు వైద్య కళాశాలలో శరీరధర్మశాస్త్ర ఆచార్యునిగా నియమితులయ్యారు. జనరల్ ఆసుపత్రిలో రోగులను చూసే బాధ్యత కూడా ఆయనకు దక్కింది. ఆనాటి మద్రాసు రాజధాని తమిళ జిల్లాలకే పరిమితం కాదు. గంజాం, విశాఖపట్నం, గోదావరి, కృష్ణా, నెల్లూరు వంటి తెలుగు జిల్లాలు కూడా ఆ పాలనలోనే ఉండేవి. కనుక మద్రాసులో వెలువడిన వైద్య పరిశోధనలు తెలుగువారి ఆరోగ్యచరిత్రలో కూడా భాగమే.

ఒక కణిక, ఇద్దరు వైద్యులు

ఆ రోజులలో మద్రాసులో కొందరు రోగులు దీర్ఘకాలిక జ్వరంతో, పెరిగిన ప్లీహంతో ఆసుపత్రికి వచ్చేవారు. వారికి మలేరియా ముదిరిందని వైద్యులు భావించేవారు. అయితే క్వినైన్ వారికి పనిచేసేది కాదు. మరణించిన కొందరి ప్లీహంలో డోనవన్‌కు మలేరియా జీవికి భిన్నమైన చిన్న అండాకారపు కణికలు కనిపించాయి. మరణానంతరం కనిపించినవి శవం కుళ్లడం వల్ల ఏర్పడ్డాయేమోనన్న అనుమానానికి తావుంది. ఆ అనుమానం 1903 జూన్ 17న తొలగింది. బతికి ఉన్న 12 ఏళ్ల బాలుని ప్లీహం నుంచి సూదితో తీసిన నమూనాలో అవే కణికలు కనిపించాయి.

అంతకు కొద్ది రోజుల ముందే విలియం లీష్మన్ అనే సైనిక వైద్యుడు, దమ్‌దమ్‌లో జ్వరం సోకి ఇంగ్లండ్‌లో మరణించిన సైనికుని ప్లీహంలో తాను చూసిన కణికల గురించి ప్రకటించారు. ఎవరు ముందన్న వివాదం రేగింది. మలేరియా పరిశోధనతో ప్రసిద్ధుడైన రోనాల్డ్ రాస్ ఇద్దరి పేర్లనూ కలిపి ఆ జీవికి లీష్మానియా డోనవని అని పేరు పెట్టారు. మరుసటి ఏడాది, 1904లో, కలకత్తాలో లియోనార్డ్ రోజర్స్ ఆ పరాన్నజీవిని పరీక్షనాళికలో పెంచి చూపించారు. సూక్ష్మదర్శినిలో కనిపించిన దానిని కల్చర్ కూడా ధ్రువపరచింది.

పుండు అంచులో దాగిన జీవి

డోనవన్ దృష్టి తరువాత మరో వ్యాధి మీద పడింది. జననాంగాల దగ్గర చిన్న బొడిపెగా మొదలై, ఎర్రని మాంసపు ముద్దలా విస్తరించే పుండు అది. తాకితే రక్తం వస్తుంది గాని నొప్పి పెద్దగా ఉండదు. నొప్పి లేకపోవడమే దాని మోసం. నెలలు, ఒక్కోసారి ఏళ్లు గడిచేవరకు రోగి వైద్యుని దగ్గరకు వెళ్లడు. ఈలోగా పుండు గజ్జలకు, చుట్టుపక్కల చర్మానికి పాకి అవయవాన్ని తినివేస్తుంది. స్త్రీలలో గర్భాశయ ముఖద్వారం మీద వస్తే క్యాన్సర్ అని పొరబడే ప్రమాదం ఉంది. భారతదేశంలో ఈ వ్యాధిని 1882లోనే కెన్నెత్ మెక్‌లియోడ్ వర్ణించారు. కారణం మాత్రం అప్పటికి తెలియదు. సిఫిలిస్ అని, క్షయ అని ఎవరికి తోచినట్లు వారు ఊహించేవారు.

1905లో డోనవన్ ఈ పుండ్ల నుంచి తీసిన నమూనాలలో, పెద్ద పెద్ద కణాల లోపల గుంపులుగా ఉన్న సూక్ష్మమైన కణికలను గుర్తించి ప్రకటించారు. రంగు వేసినప్పుడు వాటి రెండు కొసలూ ముదురుగా, నడుమ లేతగా కనబడతాయి. మూసిన పిన్నీసు ఆకారంతో వాటిని పోల్చడం వైద్యులకు అలవాటు. వాటికే డోనవన్ బాడీస్ అన్న పేరు స్థిరపడింది.

ఇక్కడ డోనవన్ ఒక విషయంలో పొరబడ్డారు. రెండేళ్ల క్రితం ప్లీహంలో చూసినట్లే ఇవి కూడా పరాన్నజీవులేనని ఆయన భావించారు. నిజానికి అవి బాక్టీరియా. 1913లో బ్రెజిల్ శాస్త్రవేత్తలు అరగావ్, వియానా ఆ సంగతి గ్రహించి వాటికి కొత్త పేరు పెట్టారు. విశేషమేమిటంటే, వియానా కాలా అజార్ తరహా వ్యాధులకు వాడిన యాంటిమొనీ మందే ఈ పుండ్లకు కూడా తొలి చికిత్స అయింది. డోనవన్ వివరణ తప్పింది, కానీ ఆయన కంటికి కనిపించినది తప్పు కాలేదు. ఆ కణికలు కనిపిస్తే ఈ వ్యాధి ఉన్నట్లే అన్న సూత్రం వంద ఏళ్లు దాటినా చెక్కుచెదరలేదు.

నలభై ఏళ్ల నిరీక్షణ

కాలా అజార్ జీవి ఏడాదిలోనే పరీక్షనాళికలో పెరిగింది. డోనవనోసిస్ జీవి ఏ పోషక మాధ్యమంలోనూ పెరగడానికి అంగీకరించలేదు. మాంసరసం, రక్తం కలిపిన అగార్ వంటి వాటిలో సాధారణ బాక్టీరియా ఒకటి రెండు రోజులలో తెట్టులా పెరుగుతుంది. ఇది మాత్రం జీవకణం లోపల తప్ప బతకలేదు. 1943లో అమెరికాలో కాథరిన్ ఆండర్సన్ కోడిగుడ్డులోని పిండపు సొనసంచిలో దానిని పెంచగలిగారు. డోనవన్ చూసినప్పటి నుంచి అప్పటికి 38 ఏళ్లు గడిచాయి. మనుషుల కణాలలో పెంచడం 1990లలో దక్షిణాఫ్రికా, ఆస్ట్రేలియా పరిశోధకులకు సాధ్యమైంది. జన్యుపరిశీలన తరువాత 1999లో అది క్లెబ్సియెల్లా కుటుంబంలో చేరింది. నేటికీ సాధారణ ఆసుపత్రి పరీక్షాశాలలో దానిని కల్చర్ చేయరు.

అందువల్ల డోనవన్ నాటి పద్ధతే నేటికీ ఆధారం. పుండును సెలైన్‌తో శుభ్రం చేసి, అంచు నుంచి చిన్న కణజాలం ముక్క తీసుకుంటారు. దానిని రెండు గాజు స్లైడుల మధ్య నలిపి, గాలికి ఆరబెట్టి, జీమ్సా రంగు గాని, లీష్మన్ రంగు గాని వేసి సూక్ష్మదర్శినిలో చూస్తారు. ఒకనాడు డోనవన్‌తో పోటీపడిన లీష్మన్ పేరు గల రంగే డోనవన్ పేరు గల కణికలను బయటపెట్టడం చరిత్రలోని చమత్కారం. ఫలితం అదే రోజు చెప్పవచ్చు. అయితే పుండు పైపొరను తుడిచి పంపితే ప్రయోజనం ఉండదు. అంచులోని కణజాలమే కావాలి.

కాగితం మీది మాట

జననాంగాల నమూనాను కల్చర్‌కు పంపినప్పుడు పరీక్షాశాల ప్రధానంగా గనేరియా బాక్టీరియాను, ఈస్ట్‌ను, మరికొన్ని జీవులను వెతుకుతుంది. గనేరియా జీవి చాలా సున్నితమైనది. దానికి ప్రత్యేక మాధ్యమం, తగిన ఉష్ణోగ్రత, కార్బన్ డయాక్సైడ్ కావాలి. నమూనా ఆలస్యమైతే దారిలోనే చనిపోతుంది. సిఫిలిస్ జీవి ఇలాంటి పలకల మీద పెరగనే పెరగదు. దానికి రక్తపరీక్ష గాని, చీకటి నేపథ్యపు సూక్ష్మదర్శిని గాని అవసరం. డోనవనోసిస్ సంగతి పైన చూశాం.

కాబట్టి నివేదికలో ఏదీ పెరగలేదని రాసి ఉంటే, ఆ పలక మీద పెరగగలిగినవేవీ పెరగలేదన్నంత వరకే దాని అర్థం. రోగం లేదన్న హామీ అది కాదు. వైద్యుడు తన అనుమానాన్ని అభ్యర్థన పత్రంలో రాయాలి. నమూనా ఎక్కడి నుంచి, ఎప్పుడు తీశారో పేర్కొనాలి. పరీక్షాశాల తాను దేనిని వెతికిందో, దేనిని వెతకలేదో చెప్పాలి. ఈ మూడింటిలో ఏది లోపించినా పుండు మానని రోగి రోగం లేదన్న కాగితంతో ఇంటికి తిరిగివెళతాడు.

బస్తర్‌కు ఇందులో పాఠం ఏమిటి?

డోనవనోసిస్ భారతదేశంలో ప్రధానంగా తమిళనాడు, ఆంధ్ర, ఒడిశా తీరప్రాంతాలలో కనిపించేది. ఆ తీరానికి పడమరగా తూర్పు కనుమలు దాటితే బస్తర్. కోంటా, భోపాలపట్నం పరిసరాలలో తెలుగు వినిపిస్తుంది. అలాంటి మారుమూల ఆరోగ్యకేంద్రంలో తీసిన నమూనా జగ్‌దల్‌పూర్ చేరేసరికి గంటలు గడవవచ్చు. కల్చర్‌కు ఆ ఆలస్యం ముప్పు. ఆరబెట్టి రంగు వేసిన స్లైడుకు అంత ముప్పు లేదు.

పుండుకు పెట్టే పేరు మనుషుల మీద ముద్ర వేయగలదని బస్తర్‌కు అనుభవమే. ఒకప్పుడు ఇక్కడి అడవిబిడ్డలను పీడించిన యాస్ వ్యాధిని కోయ రోగమని, గోండి రోగమని, మాడియా రోగమని పిలిచేవారు. అది లైంగిక వ్యాధి కాదు. చర్మస్పర్శతో ఎక్కువగా పిల్లలకు సోకేది. కానీ దాని రక్తపరీక్ష సిఫిలిస్‌ను, యాస్‌ను వేరుచేయలేదు. పరీక్ష కాగితం ఒక్కటే చదివితే, ఏ పాపమూ తెలియని పిల్లవాడికి సుఖవ్యాధి ముద్ర పడుతుంది. బస్తర్‌కు పొరుగున ఉన్న కోరాపుట్‌లో 1996లో మొదలైన నిర్మూలన కార్యక్రమం ఫలించి, 2016లో ప్రపంచ ఆరోగ్య సంస్థ భారతదేశాన్ని యాస్ రహిత దేశంగా ప్రకటించింది. ఇంటింటికీ తిరిగి, పుండును కళ్లతో చూసి, పరీక్షతో పోల్చి చూసుకున్న సిబ్బంది శ్రమ ఆ విజయంలో ఉంది.

మారుమూల ప్రజలను విస్మరిస్తే ఏమవుతుందో డోనవనోసిస్ చరిత్ర కూడా చెబుతుంది. న్యూగినీ దక్షిణ తీరంలోని మరింద్ అనిమ్ అనే ఆదివాసి జాతిలో, 1922 నుంచి 1952 వరకు, 15,000 జనాభాలో 10,000 కేసులు నమోదయ్యాయి. పట్టించుకుంటే ఏమవుతుందో ఆస్ట్రేలియా ఆదివాసుల విషయంలో రుజువైంది. 2001 నుంచి 2004 వరకు అక్కడ నడిచిన జాతీయ కార్యక్రమం గ్రామాల చెంతకే పరీక్షను, చికిత్సను చేర్చి ఈ వ్యాధిని దాదాపు తుడిచిపెట్టింది.

మందులు నేడు సులభంగా దొరుకుతాయి. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు సారథ్యంలోని లెడర్లీ పరిశోధనశాల నుంచి 1948లో వెలువడిన ఆరియోమైసిన్‌తో టెట్రాసైక్లిన్ మందుల శకం మొదలైంది. ఆ మందులు ఈ పుండ్లను మాన్పుతాయి. నేడు అజిత్రోమైసిన్‌ను ముందుగా ఎంచుకుంటున్నారు. కనీసం 3 వారాలు, పుండు పూర్తిగా మానేవరకు వైద్యుని పర్యవేక్షణలో వాడాలి. మధ్యలో ఆపితే వ్యాధి తిరగబెడుతుంది. జీవిత భాగస్వామిని కూడా పరీక్షించాలి.

సీతాకోకచిలుకల మధ్య సాయంకాలం

1911లో మద్రాసులో రాయపేట ఆసుపత్రి ప్రారంభమైనప్పుడు దానికి తొలి పర్యవేక్షకునిగా డోనవన్ బాధ్యతలు స్వీకరించారు. సుమారు 1920 వరకు భారతదేశంలో పనిచేసి, విశ్రాంతి తీసుకుని ఇంగ్లండ్ వెళ్లారు. ఆయనకు మరో ప్రేమ ఉండేది. సీతాకోకచిలుకలను, చిమ్మటలను సేకరించి, రెక్కల మీది గీతలను, మచ్చలను బట్టి జాతులను గుర్తించేవారు. ఐర్లాండ్‌లోని ఆ కీటకాల మీద ఆయన కూర్చిన జాబితా 1936లో వెలువడింది. చిన్న తేడాలను ఓపికగా గమనించే ఆ కన్నే మద్రాసు ఆసుపత్రిలో స్లైడుల మీద కూడా పనిచేసిందని భావించవచ్చు.

1951 అక్టోబరు 29న, 88 ఏళ్ల వయసులో, గ్లాస్టర్‌షైర్‌లోని బౌర్టన్ ఆన్ ద వాటర్ గ్రామంలో ఆయన కన్నుమూశారు. ఆయన చూసిన రెండు జీవులలో ఒకటి వెంటనే కల్చర్‌లో పెరిగి ప్రపంచాన్ని ఒప్పించింది. రెండవది పెరగకపోయినా ఉన్నదే. మానని పుండుతో వచ్చిన మనిషిని పరీక్షించేటప్పుడు ఈ రెండవ సంగతిని వైద్యుడు, పరీక్షాశాల నిపుణుడు, ఆరోగ్య కార్యకర్త గుర్తుంచుకోవాలి. పుండు ఉన్నవారు సిగ్గుపడి దాచుకోకుండా సమీపంలోని ప్రభుత్వ ఆరోగ్యకేంద్రానికి వెళ్లడం అన్నిటికంటే ముందు జరగవలసిన పని.