కలియుగభీముఁడు కోడి రామమూర్తి నాయుడు

శ్రీకాకుళసీమయందలి వీరఘట్టమునఁ బుట్టి, విజయనగరమున వ్యాయామోపాధ్యాయుఁడై, పిమ్మట సర్కసు సంఘమును స్థాపించి, లండనువఱకు ఖ్యాతి నందిన మల్లయోధుఁడు కోడి రామమూర్తి నాయుడు. ఆయన శాకాహారి. ఊపిరి బిగించి, దేహమునకుఁ జుట్టిన ఇనుపగొలుసును తెంచెడివాఁడు. ఱొమ్ముపై ఏనుఁగును నిలుపుకొనెడివాఁడు. పరుగిడఁబోవు మోటారుబండ్లను గొలుసులతోఁ బట్టి కదలనీయకుండెడివాఁడు. జనులాయనను కలియుగభీముఁడనిరి.

అట్టి బలశాలికే కాలికి వ్రణము లేచి, తుదకు ఆ కాలినే తీసివేయవలసి వచ్చెను. 1942వ సంవత్సరమున ఆయన కీర్తిశేషుఁడయ్యెను.

దేహబలమెంత జమయైనను కాలము దానిని ఖర్చు వ్రాయక మానదు. సాధనచేత, శ్వాసనియమముచేత తెలుగువాఁడెంతవాఁడు కాఁగలఁడో చూపిన కీర్తి మాత్రము నిలువగా మిగిలినది. మన గ్రంథాలయమునకు వచ్చు యువకులారా! పుస్తకముతోఁబాటు కసరత్తును మఱవకుఁడు.