మొదటి నిమిషము

తల్లి ప్రసవవేదన తీర్చుటకిచ్చు మందు కడుపులోని శిశువును కూడ మత్తులో ముంచునా? 1847లో స్కాట్లండున జేమ్స్ సింప్సన్ ప్రసూతికి క్లోరోఫారము వాడిన నాటినుండియు ఈ శంక కలదు. దానిని తీర్చదగిన కొలత మాత్రము నూరేండ్లవరకు లేదు. ఆ కొలతను కల్పించినది వర్జీనియా ఆప్గార్.

ఆమె 1909లో అమెరికాయందు న్యూజెర్సీ రాష్ట్రములోని వెస్ట్‌ఫీల్డు పట్టణమున జన్మించి, 1933లో కొలంబియా విశ్వవిద్యాలయమున వైద్యపట్టము పొందెను. శస్త్రవైద్యురాలు కావలెనని ఆమె కోరిక. ఆ వృత్తిలో స్త్రీలు నిలద్రొక్కుకొనుట కష్టమని గురువైన విపుల్ ఆమెను మత్తుమందు శాస్త్రమునకు మరలించెను. నాడు అమెరికాలో ఆ పని చాలవరకు నర్సులదే. దానికి గౌరవమును తక్కువే. 1949లో తన కళాశాలలో పూర్తి ప్రొఫెసరు పదవి నందిన తొలి మహిళ ఆమెయే అయినను, విభాగాధిపత్యము ఒక పురుషునకు దక్కెను. అప్పుడామె ప్రసూతి గదివైపు తిరిగెను. ఆ అన్యాయము శిశులోకమునకు మేలే చేసినది.

కాన్పు కాగానే అందరి చూపును తల్లిపైననే యుండెడిది. శ్వాస పీల్చక నీలివారిన శిశువు బ్రతుకదని విడిచిపెట్టుటయు కలదు. 1952లో ఆప్గార్ ఒక సులభమైన పద్ధతిని వైద్యుల సభలో వివరించి, మరుసటి యేట ప్రచురించెను. గుండె వేగము, శ్వాస, కండరముల బిగువు, తాకినప్పటి స్పందన, మేనిరంగు - ఒక్కొక్కదానికి సున్న మొదలు 2 వరకు మార్కులు, మొత్తము 10. పుట్టిన నిమిషమునకు చూడవలెను. తరువాతి కాలమున అయిదవ నిమిషమున కూడ చూచు నియమ మేర్పడెను. బడిపంతుళ్లకు చిరపరిచితమైన మార్కుల పట్టికయే! కాని ఈ పరీక్షకు నిలువవలసినవాడు మందిచ్చిన వైద్యుడు.

ఫలితము స్పష్టముగా వచ్చెను. సిజేరియన్ కాన్పులలో తల్లికి పూర్తిమత్తు నిచ్చినప్పటికంటె, వెన్నులో మందిచ్చి క్రిందిభాగమును మాత్రమే మొద్దుబార్చినప్పుడు శిశువులకు మార్కులు హెచ్చు. సైక్లోప్రొపేను ఆమెకు మిక్కిలి ఇష్టమైన మత్తువాయువు; అది శిశువులను మందగింపజేయునని సహచరులతో కూడి తానే తేల్చెను. ఇష్టమైనదానిపై అట్టి తీర్పు చెప్పుట సామాన్యము కాదు.

తీరిక వేళల వయొలా మొదలగు వాద్యములను స్వయముగా చెక్కిన ఈ సంగీతప్రియురాలు 1959 నుండి పుట్టుకలోపముల నివారణకై పాటుపడి, 1974లో మరణించెను.

వెన్నుపాము పొరకు వెలుపల సన్నని గొట్టముద్వారా మందు నందించు ఎపిడ్యూరల్ పద్ధతి నేడు పలుదేశములలో వాడుకలో నున్నది. పదునొకండువేలకు పైగా స్త్రీలపై జరిగిన ప్రయోగములను 2018లో కోక్రేన్ సమీక్ష పరిశీలించెను. ఎపిడ్యూరల్ వలన తల్లికి జ్వరము వచ్చుట కొంత హెచ్చినను, సిజేరియన్లు పెరుగలేదని తేలినది. శిశువులకు హాని కనబడలేదనుటకు చూపిన ఆధారములలో ఒకటి, అయిదవ నిమిషమున వేసిన ఆప్గార్ మార్కులు.