డిస్నీ కట్టిన వీధి

మందమర్రి, బెల్లంపల్లి వంటి ఊళ్ళు బొగ్గు గనులను, రైలు మార్గాన్ని ఆశ్రయించి పెరిగాయి. అమెరికాలోని మిస్సోరీ రాష్ట్రంలో మార్సెలీన్ అనే చిన్న పట్టణం కూడా అటువంటిదే. 1888లో శాంటాఫే రైలు కంపెనీ తన అవసరాల కోసం దానిని నెలకొల్పింది. పరిసరాలలో బొగ్గు గనులుండేవి. ప్రపంచ ప్రఖ్యాతి గాంచిన డిస్నీలాండ్ వినోద వనంలోని మొదటి వీధికి మూలం ఆ పట్టణమే.

వాల్ట్ డిస్నీ 1901 డిసెంబరు 5న షికాగో నగరంలో జన్మించాడు. తండ్రి ఇలియాస్, తల్లి ఫ్లోరా. 1906లో ఆ కుటుంబం మార్సెలీన్ చేరి, పొలం కొని వ్యవసాయం ఆరంభించింది. పశువుల మధ్య, చెట్ల నీడన బొమ్మలు గీస్తూ బాలుడు పెరిగాడు. బంధువొకడు రైలింజను నడిపేవాడు. రైళ్ళపై డిస్నీకి గల మక్కువ అప్పటిదే. అయితే ఈ సుఖం నాలుగైదేళ్ళే నిలిచింది. తండ్రి జబ్బుపడటంతో పొలం అమ్ముకొని వారు కాన్సాస్ సిటీకి తరలిపోయారు. అక్కడ డిస్నీ, అతని అన్న రాయ్ తెల్లవారకముందే లేచి, మంచులో నడిచి ఇంటింటికీ పత్రికలు పంచేవారు.

1928లో మికీ మౌస్, 1937లో స్నోవైట్ చిత్రం డిస్నీకి అపారమైన కీర్తి తెచ్చాయి. కాని అతని మనస్సు మరొకదానిపై నిలిచింది. కుమార్తెలను ఉద్యానవనానికి తీసుకొనిపోయి, వారు రంగులరాట్నం ఎక్కితే తాను బల్లపై ఒంటరిగా కూర్చోవలసివచ్చేది. పిల్లలు, పెద్దలు కలిసి ఆనందించే చోటు ఎందుకుండరాదనే ఆలోచన ఆ విధంగా కలిగింది.

డబ్బు పుట్టించడమే కష్టమైంది. రాయ్ మొదట సందేహించాడు. బ్యాంకులవారు ముఖం చాటేశారు. డిస్నీ తన జీవిత బీమాపై అప్పు తెచ్చాడు. 1953 సెప్టెంబరులో హెర్బ్ రైమన్ అనే చిత్రకారుణ్ణి పక్కన కూర్చోబెట్టుకొని, రెండు రోజులలో వనం పటాన్ని గీయించాడు. ఆ పటం చూపి రాయ్ న్యూయార్క్‌లో పెట్టుబడి కోసం ప్రయత్నించాడు. చివరకు ఏబీసీ టెలివిజన్ సంస్థ ముందుకు వచ్చింది. అనహైమ్‌లోని నారింజ తోటల స్థానంలో 1954లో నిర్మాణం మొదలైంది.

వనంలో అడుగిడగానే రైలు స్టేషను, దానిని దాటగానే మెయిన్ స్ట్రీట్ కనబడతాయి. వీధి చివర కోట నిలిచి ఉంటుంది. గుర్రాలు లాగే బండి పట్టాలపై సాగుతుంది. అంగళ్ళన్నీ ఇరవయ్యో శతాబ్దారంభపు తీరులో ఉంటాయి. ఇందులో ఒక చమత్కారముంది. భవనాల కింది అంతస్తు సహజ పరిమాణం కంటే కొంచెం చిన్నది. పై అంతస్తు మరింత చిన్నది. అందువల్ల అవి ఉన్నదానికంటే ఎత్తుగా తోస్తాయి. సినిమా సెట్టింగులలో ఆరితేరినవారి నేర్పు అది. హార్పర్ గాఫ్ అనే కళాదర్శకుడు తన సొంత ఊరైన ఫోర్ట్ కాలిన్స్‌లోని కట్టడాల పోలికలు కూడా అందులో చేర్చాడు. నిజానికి ఏ గనుల పట్టణమూ ఇంత శుభ్రంగా ఉండదు. మసి, బురద, అప్పుల బాధ ఈ వీధిలో కానరావు. అది ఊరు కాదు, బాల్యంలో చూసిన ఊరి జ్ఞాపకం.

1955 జూలై 17న జరిగిన ప్రారంభోత్సవం అస్తవ్యస్తమైంది. దొంగ టిక్కెట్లతో జనం విరగబడ్డారు. ఎండకు కొత్త తారు మెత్తబడి ఆడవారి చెప్పుల మడమలు దిగబడ్డాయి. తాగునీటికి కటకట ఏర్పడింది. అయినను రెండు నెలలు తిరగకముందే సందర్శకుల సంఖ్య పది లక్షలు చేరింది.

అగ్నిమాపక కేంద్రం పైన ఒక చిన్న గదిని డిస్నీ తనకోసం ఉంచుకొన్నాడు. అక్కడి నుండి కింద తిరిగే జనాన్ని చూచేవాడు. 1966 డిసెంబరు 15న అతడు మరణించాడు. ఆ గది కిటికీలో నేటికీ దీపం వెలుగుతూ ఉంటుంది. మెయిన్ స్ట్రీట్ కిటికీలపై వనం కోసం పాటుపడినవారి పేర్లు రాయించే ఆచారం ఉంది. వాటిలో ఒకటి ఇలియాస్ డిస్నీ పేరు. పొలం అమ్ముకొని ఊరు విడిచిన ఆ తండ్రి 1941లోనే మరణించాడు. ఈ వీధిని చూడలేదు.